కాడి కట్టిన చెయ్యి

పోతిరెడ్డిపల్లి,
3 జూన్ 1974

బావమరిది సాయిలుకు,

అంజన్న రాసేది. మీ అక్క మొగులమ్మ, పిల్లలు, నాయన, దేవమ్మ, అందరం ఉన్నంతలో బాగున్నాము. ఎండ ఇంకా తగ్గలేదు. బావిలో నీళ్ళు అడుగున పడ్డాయి.

జీపు ఇంటికి వచ్చింది. నువ్వు సెలవులో వచ్చినప్పుడు సికింద్రాబాదు మిలిట్రీ వేలంలో చూసి, ఇంజను దగ్గర చెవి పెట్టి విని, "ఇది తీసుకో బావా" అన్న జీపే. చూడ్డానికి వచ్చినవాళ్ళకు చాయ్ పోసి పోసి మీ అక్క విసిగిపోయింది. "మొగడు జీపు కొన్నడా, నాకు హోటలు పెట్టిచ్చిండా" అంటున్నది.

నాయన మాత్రం దాని దగ్గరికి రాలేదు. పొలం ఫ్యాక్టరీకి పోయాక ఎడ్లను సదాశివపేట సంతలో అమ్మిన సంగతి నీకు తెలుసు. ఆనాటి నుంచి ఆయన టైరు బండి పక్కన మంచం వేసుకొని కూర్చుంటున్నాడు. ఎడ్లు లేని బండికి కావలి ఎందుకని అడిగే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ ఫ్యాక్టరీ ప్లాంటులో కామరాజు గారని సూపర్‌వైజరు ఉన్నాడు. కోస్తా మనిషి, బీరంగూడలో ఇల్లు. ఆయన మాటసాయంతో ప్లాంటు క్యాంటీనుకు సంగారెడ్డి మార్కెటు నుంచి రోజూ కూరగాయలు చేరవేసే పని కుదిరింది. పొలం పోయిన ఇంటికి ఇక ఇదే ఆధారం. జీపులో గంపలు పట్టవు. నాయన టైరు బండిని జీపు వెనక ట్రైలరులాగా కట్టుకోవాలని నా ఆలోచన. హుక్కు ఎట్లా బిగించాలి, వెనక లైట్లకు తీగలు ఎట్లా లాగాలి, వివరంగా రాయి. ఇంటి దగ్గరే చేసుకుంటాము. మిలిట్రీలో నువ్వు చేసేది అదే పని కదా.

దేవమ్మ విషయంలో నాయన మాట మారలేదు. మీ అక్కను మాకు ఇచ్చారు, మా చెల్లెను నీకు ఇస్తున్నాము. వచ్చే మాఘంలో పెళ్ళి. సెలవు ఇప్పుడే అడిగి పెట్టుకో.

ఇట్లు నీ బావ,
అంజన్న

*

ఝాన్సీ,
14 జూన్ 1974

బావకు, అక్కకు, మామకు సాయిలు నమస్కారాలు.

ఉత్తరం అందింది. ఇక్కడ వడగాలికి రేకుల షెడ్డులో పనిముట్లు ముట్టుకుంటే చెయ్యి కాలుతున్నది. మా ఉస్తాదు సర్దార్జీకి మాత్రం ఎండా లేదు, వానా లేదు, మమ్మల్ని తిట్టడానికి అన్ని కాలాలూ ఒకటే.

హుక్కును బంపరుకు తగిలించవద్దు. బంపరు ముఖానికి అందం, అంతే. జీపు కింద చాసీ కడ్డీలు రెండు ఉంటాయి. ఆ రెంటి మీద అడ్డంగా మందపు ఇనుప పట్టీ వేసి, బోల్టులతో బిగించి, దానికి హుక్కు పెట్టించు. బండి ముందుకు పొడుచుకొచ్చే నొగ కొసకు ఇనుప కన్ను చేయించు. హుక్కులో కన్ను పెట్టాక పైనుంచి సీల దిగాలి. సీల అడుగున లాకు పిన్ను పడాలి. అది లేకుంటే గతుకుల్లో సీల మెల్లగా పైకి లేస్తుంది. ఇవిగాక, నొగ కింద రెండు గొలుసులు ఒకదాని మీదుగా ఒకటి వేసి జీపుకు తగిలించు. ఎప్పుడైనా సీల పోతే నొగ రోడ్డున పడకుండా గొలుసుల మీద పడుతుంది. జీపును ఆపేదాకా బండి వెనకనే ఉంటుంది.

బ్యాటరీ మీద మూతలు చూడు. మూడు ఉంటే ఆరు ఓల్టులది, ఆరు ఉంటే పన్నెండు. బల్బులు దాన్ని బట్టి తెచ్చుకో. ఏ రంగు తీగ ఎక్కడికి పోవాలో వేరే కాగితం మీద బొమ్మ వేసి పెట్టాను. దాన్ని దేవమ్మతో చదివించు. నీకు ఆకుపచ్చకూ నీలానికీ తేడా తెలియదు. తీగ మలుపులో లాగకుండా కాస్త వదులు ఉంచండి. నల్ల తీగ మాత్రం మానవద్దు, అది వెలుగు వెనక్కి పోయే దారి. ఇనుము ఇనుముకు తగులుతున్నది కదా అని అది మానితే, హుక్కుకు గ్రీసు పెట్టిన రోజు లైట్లన్నీ ఒకదాని ముఖం ఒకటి చూసుకుంటూ కూర్చుంటాయి.

మాఘానికి సెలవు చీటీ రాసి పెట్టాను.

సాయిలు

*

పోతిరెడ్డిపల్లి,
7 జూలై 1974

సాయిలూ,

పని అయింది. మంచి వాన కూడా పడింది. రెండు శుభవార్తలూ ఒక్క ఉత్తరంలో.

పట్టీని, హుక్కును పటాన్‌చెరు వెల్డింగు దుకాణంలో చేయించి ఇంటికి తెచ్చాము. జీపు కింద బోల్టులు నేనే బిగించాను. వీపంతా మట్టి, కంట్లో తుప్పు. మీ అక్క వచ్చి చూసి, "కాళ్ళు బయటికున్నయి, మనిషి లోపలున్నడు. జీపు మింగుతున్నదా, కక్కుతున్నదా" అని నవ్వింది.

తీగల పని దేవమ్మదే. నీ బొమ్మ కాగితం గోడకు అంటించి, ఒక్కొక్క తీగ తోలు కత్తిపీటతో గీసి, చక్కగా మెలిపెట్టింది. నేను మధ్యలో చెయ్యి పెట్టబోతే ఒప్పుకోలేదు. నల్ల తీగ దగ్గర నాయన అడ్డం వచ్చాడు. "ఇనుముకు ఇనుము తగులుతున్నది. గిదొక్కటి దండుగ" అన్నాడు. సరే అని మానేశాము. సాయంత్రం బ్రేకు తొక్కితే ఎర్రలైటు వెలగలేదు, పక్క లైటు గుడ్డిగా వెలిగింది. నేను బల్బులు మారుస్తుంటే దేవమ్మ అన్నది, "అన్నా, బల్బులను తిట్టకు. గీ సంగతి ఆయన ముందే రాసిండు. నల్ల తీగ లేకుంటె ఒకదాని ముఖం ఒకటి చూస్తయని." తీగ వేసింది. అన్నీ వెలిగాయి. నాయన అన్ని లైట్లూ ఆర్పి మళ్ళీ వెలిగించమన్నాడు.

మరునాడు పొద్దున లేచేసరికి నాయన హుక్కుకు పసుపు పూసి, కొబ్బరికాయ కొట్టి, బండి నొగ పట్టుకొని నిలబడ్డాడు. "జీపు ఎనక్కి తే. కాడి కట్టుడు ఇంటి పెద్ద పని" అన్నాడు. అప్పటి నుంచి రోజూ ఆయనే తగిలిస్తున్నాడు. జీపులో కూర్చోమంటే కూర్చోడు. ట్రైలరు ముందు అంచున, ఎడ్లను తోలేటప్పుడు కూర్చునే చోటనే కూర్చుంటాడు. గంపలు చూసుకోవడానికి మనిషి కావాలి కదా అంటాడు. ఎన్నాళ్ళకో ఆయన ముఖం తేటగా ఉంది. క్యాంటీను వాళ్ళకూ మన సరుకు నచ్చింది.

అంజన్న

*

ఝాన్సీ,
19 జూలై 1974

బావా,

పని బాగా చేశారు. నల్ల తీగ సంగతి నా బుర్రకు ఎక్కడానికి మా ఉస్తాదు చేత ఎన్ని తిట్లు తినాల్సి వచ్చిందో. దేవమ్మకు ఒక్క సాయంత్రం పట్టింది. ఈ మాట ఆమెకు చెప్పినా సరే, చెప్పకపోయినా సరే.

ఒక్క విషయం నాకు నచ్చలేదు. ట్రైలరు మీద మనిషి కూర్చోకూడదు. ఇక్కడ ఎవరైనా ఎక్కితే శిక్ష వేస్తారు. దానికి బ్రేకు లేదు. ముందు జీపు ఆగినా, వెనక బరువు తోస్తూనే ఉంటుంది. జీపు గట్టిగా ఆపితే ట్రైలరు పక్కకు ఊగుతుంది. అది బోల్తా పడడం కాదు, మళ్ళీ దారికి వస్తుంది. కానీ మీద మనిషి ఉంటే ఎగిరి పడతాడు. మామను నీ పక్కన కూర్చోబెట్టు.

ఇంకొకటి. బండి కదిలేముందు లాకు పిన్ను, గొలుసులు రోజూ నువ్వు స్వయంగా చూడు. ఎవరు తగిలించినా సరే, నడిపేవాడు చూసుకోవాలి. మాకిక్కడ మొదటి రోజు నేర్పేది అదే.

దగ్గుకు మందు మానవద్దని అక్కకు చెప్పు.

సాయిలు

*

పోతిరెడ్డిపల్లి,
11 ఆగస్టు 1974

సాయిలూ,

నీ ఉత్తరం దేవమ్మ అందరి ముందూ చదివింది. చదవకుండా ఉంటే బాగుండేది.

నాయన అన్నం ముందు నుంచి లేచాడు. "మిల్ట్రీకి పోయినంక వానికి పెద్దోళ్ళు గూడ జవాన్ల లెక్క కనబడుతున్నరు. నేను కాడి కట్టంగ వాడింక పుట్టలే. నా చెయ్యిని కన్నకొడుకు దినాం ఎనకకు వచ్చి చూస్తడా?" అన్నాడు. దేవమ్మ లోపలికి పోయింది. మీ అక్క నా మీద కోపానికి వచ్చింది, నీ మీద రావలసింది.

మన ఇంటి పద్ధతి నీకు తెలియనిది కాదు. కాడి కట్టిన మనిషి వెనక ఇంకొకరు పోయి చూడరు. చూస్తే అతని చెయ్యి మంచిది కాదన్నట్టు. మా తాత కట్టిన కాడిని నాయన చూడలేదు, నాయన కట్టినదాన్ని నేను చూడను. ఇప్పుడు నేను వంగి లాకు పిన్ను చూస్తే, ఆయన ఆ రోజే మంచం ఎక్కుతాడు. మళ్ళీ దింపడం నాతో కాదు. ఉన్న పొలం పోయింది, ఎడ్లు పోయాయి. ఈ ఒక్క పని ఆయనకు మిగిలింది.

దూరం నుంచి రాయడం సులభం. ఇక్కడ ఉండి చూస్తే తెలుస్తుంది.

బండి బాగానే నడుస్తున్నది. నువ్వేమీ మనసులో పెట్టుకోవద్దు.

అంజన్న

*

ఝాన్సీ,
24 ఆగస్టు 1974

బావా,

నా మాట మామను నొప్పించి ఉంటే మన్నించమని చెప్పు. నేను పని నేర్చిన తీరున రాశానే కానీ, పెద్దవాళ్ళ చెయ్యిని అనుమానించి కాదు. ఆ ఇంటికి అల్లుడు కాబోయేవాణ్ణి, ఆ ఇంటి పద్ధతి మీద మాట్లాడడం నాకు తగదు. ఇక దాని గురించి రాయను.

ఇక్కడ వానలు పట్టుకున్నాయి. అందరినీ అడిగానని చెప్పు.

సాయిలు

*

పోతిరెడ్డిపల్లి,
30 సెప్టెంబరు 1974

సాయిలూ,

నాయన కాలు పోయింది. మోకాలి కింద తీసేశారు. పట్నంలో పెద్దాసుపత్రిలో ఉన్నాడు. మీ అక్క అక్కడే ఉంది. నేను బట్టలకోసం వచ్చి ఇది రాస్తున్నాను.

శుక్రవారం పొద్దున మార్కెటు నుంచి సరుకు వేసుకొని పోతున్నాము. బొంబాయి రోడ్డు మీద దిగుడులో బర్రె ఒకటి అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కాను. జీపు ఒక్కసారి తేలికైనట్టు అనిపించింది. వెనక్కి చూస్తే ట్రైలరు లేదు. కాలువలో తలకిందులుగా పడి ఉంది. నాయన దాని కింద ఉన్నాడు. వంకాయలన్నీ రోడ్డు మీద. వెనక వస్తున్న కామరాజు గారు స్కూటరు పడేసి పరుగెత్తుకొచ్చాడు. ఆయనా నేనూ ఇంకో నలుగురూ కలిసి ఎత్తాము.

జీపుకు ఒక గీత కూడా పడలేదు. నాకూ ఏమీ కాలేదు.

నాయనకు తెలివి వచ్చాక ఏమైంది నాయనా అని అడిగాను. "హుక్కు ఇడిసింది" అన్నాడు.

నువ్వు వేసిన బొమ్మ ప్రకారమే చేశాము. నువ్వు చెప్పిన చోటనే బోల్టులు వేశాము. పిన్ను, గొలుసు, అన్నీ పెట్టాము. ఇన్ని పెట్టినా విడిచే హుక్కు ఎట్లాంటి హుక్కు? నువ్వు సరిగా చెప్పలేదా, నాకు సరిగా రాలేదా? నాకేమీ తెలియడం లేదు. చూసిపోయేవాళ్ళందరికీ అదే చెబుతున్నాను, మా బావమరిది చెప్పినట్టే చేశామని.

అంజన్న

*

ఝాన్సీ,
9 అక్టోబరు 1974

బావా,

ఉత్తరం చదివాక ఏ పనీ చేతకాలేదు. మా ఉస్తాదుకు నా బొమ్మ మళ్ళీ వేసి చూపించాను. ఇందులో తప్పు కనబడదన్నాడు. కానీ మాది మిలిట్రీ ట్రైలరు, మీది ఎడ్ల బండి. దాని బరువు ముందుకు ఎంత, వెనక్కి ఎంత అని నేను అడగలేదు. బరువు వెనక ఎక్కువైతే నొగ పైకి లేస్తుంది. నా తప్పు అక్కడ ఉందేమో అనుకుంటున్నాను.

సీల విరిగిందా, ఊడిందా? గొలుసులు తెగాయా? లాకు పిన్ను దొరికిందా? ఇవి చూసి రాయి. నిందకు జవాబు చెప్పడానికి కాదు, నాకు తెలియాలి.

ఇంకొక మాట, రాయడానికి చెయ్యి రావడం లేదు. నా లెక్క తప్పి మామ కాలు పోయింది. అట్లాంటి వాడిని అల్లుణ్ణి చేసుకోమని నేను ఏ ముఖంతో అడగను? దేవమ్మకు వేరే ఇల్లు చూడాలని మీకు అనిపిస్తే నేను అడ్డం చెప్పను. మీరు ఏది అన్నా సరే.

మామ దగ్గర నా పేరు ఎత్తవద్దు. ఆయనకు నయం కానీ.

సాయిలు

*

పోతిరెడ్డిపల్లి,
27 అక్టోబరు 1974

సాయిలుకు,

నీ ఉత్తరం అందింది. నీ మాట మాకు అర్థమైంది. మామ కుంటివాడయ్యాడు, బావ చేతిలో పని సగమైంది, ఇక ఈ ఇంటి పిల్ల ఎందుకు అనుకున్నావు. సూటిగా అంటే బాగుండేది.

మీ అక్క, "నా తమ్ముడు గట్ల అనడు. మల్లొక్కసారి సదువు" అంటున్నది. చదివాను. వేరే ఇల్లు చూడమని ఉన్నది.

సీల విరగలేదు. ఎక్కడ పడిందో దొరకలేదు. గొలుసుల సంగతి చూసే ఓపిక నాకు లేదు. అన్నీ నువ్వు చెప్పినట్టే ఉన్నాయి.

అంజన్న

*

ఝాన్సీ,
23 నవంబరు 1974

బావా,

మా యూనిట్ అడవిలో కసరత్తుకు పోయింది. నీ కార్డు ఇక్కడ నా పెట్టె మీద పడి ఉంది. నిన్న వచ్చి చూశాను.

నేను వద్దనలేదు. దేవమ్మను వద్దనడానికి నాకు ఏ కారణమూ లేదు. మామకు రెండు కాళ్ళూ లేకపోయినా నేను ఆ ఇంటి పిల్లనే చేసుకుంటాను. నాకు ఇస్తారా అని అడిగాను, అంతే. నాకు సూటిగా రాయడం రాలేదు. ఇప్పుడు రాస్తున్నాను. నాకు దేవమ్మను ఇవ్వండి. మాఘానికి పెట్టిన సెలవు అట్లాగే ఉంది.

అక్క చదివినట్టు చదువు.

సాయిలు

*

పోతిరెడ్డిపల్లి,
8 డిసెంబరు 1974

సాయిలూ,

నీ ఉత్తరం వచ్చేసరికి దేవమ్మకు వేరే సంబంధం కుదిరి, వరపూజ అయిపోయింది. మునిపల్లి వాళ్ళు. పిల్లవాడు మంచివాడే. కులపెద్దల ముందు పూలూ పండ్లూ తీసుకున్నాము. ఇప్పుడు వెనక్కి ఇస్తే, ఒక ఇంటి పూలు పెట్టుకొని ఇంకో ఇంటికి పోయిందని పిల్లను జీవితమంతా అంటారు. నేను ఈ ఉత్తరం ఎన్నోసార్లు మొదలుపెట్టి చింపేశాను.

ఇంకా ఉంది. అది కూడా రాయాలి.

మొన్న క్యాంటీనులో కామరాజు గారు నాయన బాగోగులు అడిగాడు. మాటల్లో, మా బావమరిది హుక్కు ఇంత పని చేసిందండీ అన్నాను. ఆయన వింతగా చూశాడు. "హుక్కేం చేసిందండీ? మీ నాన్నగారే కదా తాడు లాగేరు" అన్నాడు. ఏ తాడు అన్నాను. "సీలకి తాడు కట్టి చేత్తో పట్టుకుని కూర్చునేవారు కదండీ. రోజూ చూసేవాణ్ణి. ఆవేళ ట్రైలరు పక్కకి ఊగగానే లాగేశారు. మీకు తెలుసనుకున్నానండి. ఇంటి సంగతి, నేనెందుకు కదపడం అని ఊరుకున్నాను."

ఇంటికి వచ్చి కొట్టంలో చూశాను. గొలుసులు రెండూ ఎడ్లు కట్టే గుంజకు చుట్టి ఉన్నాయి. లాకు పిన్ను అక్కడే గూట్లో ఉంది. ఒక్కరోజు వంగి చూసి ఉంటే కనబడేది. నేను చూడలేదు.

నాయన మంచం మీద కూర్చొని ఉన్నాడు. అడిగాను.

"ఎవలు చెప్పిన్రు" అన్నాడు.

"ఎవలైతేంది. లాగినవా లేదా?"

"బండి పడిపోతుంటె ముందుగాల కాడి ఇడువాలె. ఎద్దులు బతికితె బండి మల్ల చేసుకోవచ్చు. నీకు గది చిన్నప్పుడే చెప్పిన. గొలుసులుంటె బండి ఎనక జీపును గూడ గుంజుకపోదా? గందుకే తీసిన. సీలకు ఆముదం పెట్టిన, లాగంగనె రావాలని."

"నాయనా, అది ఎద్దు గాదు, జీపు."

"జీపు గాదురా. దాంట్ల నువ్వున్నవు" అన్నాడు.

మళ్ళీ అడిగాను. మరి సాయిలును నేను తిడుతుంటే ఎందుకు ఊకున్నవు అని.

"వాడు దూరమున్నడు. దూరమున్నోని నెత్తి మీద ఎంత బరువన్న పెట్టొచ్చు. నువ్వు దినాం నా ముంగట తిరుగాలె. నీకోసం పోయిందని తెలిస్తె, నా కాలు దిక్కు చూసుకుంట నువ్వు బువ్వ తినలేవు."

సాయిలూ, ఆయన అన్నది నిజమే. తినలేకపోతున్నాను.

దేవమ్మకు చెప్పాను. మీ అక్క వద్దన్నా చెప్పాను. బియ్యం చెరుగుతున్నది. చేట ఆపకుండానే విన్నది. "వరపూజ అయినంక చెప్తున్నవా అన్నా. ముందు చెప్తె నాకు పనికొచ్చేది. ఇప్పుడు చెప్తె నీకు పనికొస్తది" అన్నది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మునిపల్లి పెళ్ళికి ఒప్పుకున్నట్టే ఉంది. నాకు తెలియదు.

నీకు చెయ్యరాని అన్యాయం చేశాను. ఊర్లో నీ పేరు చెడగొట్టాను. ఇప్పుడు ఒక్కొక్కరినీ పట్టుకొని, హుక్కు మంచిదే, మా నాయన చేశాడు అని చెప్పలేను. చెబితే ఆయన బతకడు. నీకైనా రాయాలని రాశాను. మన్నించమని అడగడానికి నోరు రావడం లేదు, కానీ అడుగుతున్నాను. పెళ్ళి మాఘంలో. నువ్వు రావాలి. రాకుంటే మీ అక్క తట్టుకోలేదు.

అంజన్న

*

ఝాన్సీ,
20 డిసెంబరు 1974

బావా,

ఉత్తరం అందింది.

పూలు తీసుకున్నాక వెనక్కి పోకూడదు. నువ్వు రాసింది సరైనదే. దేవమ్మ మంచి చెడూ తెలిసిన మనిషి. ఎక్కడ ఉన్నా తన ఇల్లు చూసుకుంటుంది.

మామ సంగతి ఊర్లో ఎవరికీ చెప్పవద్దు. హుక్కు విడిచిందనే ఉండనివ్వు. నేను ఆ ఊర్లో ఉండేవాణ్ణి కాదు. నాకు తెలిసిందని మామకు కూడా చెప్పవద్దు. ఆయనకు కట్టె కాలు పెట్టించాలనుకుంటే పూనాలో మా మిలిట్రీ వాళ్ళు చేస్తారు. బయటివాళ్ళకు ఇస్తారో లేదో కనుక్కొని రాస్తాను.

నాకు తెలియాలని అడిగాను, తెలిసింది. నొగ బరువు లెక్క తప్పలేదు. అయినా రాత్రి డ్యూటీలో అదే లెక్క వేస్తూ ఉంటాను, అలవాటు అయింది.

పెళ్ళికి మందిని ట్రైలరులో ఎక్కించాలని చూస్తావు. ఎక్కించవద్దు. బస్సు మాట్లాడుకో. జీపులో పెళ్ళిపిల్లనూ మామనూ కూర్చోబెట్టుకో. ఆ దిగుడులో రెండో గేరు వెయ్యి, బ్రేకు మీద ఆధారపడవద్దు.

మన్నించడం గురించి అడిగావు. దాని గురించి ఇప్పుడు ఏమీ రాయలేను. అబద్ధం రాయడం ఇష్టం లేదు.

సాయిలుకు సెలవు దొరకలేదని అక్కకు చెప్పు. ఆమె నమ్ముతుంది. దొరికిన సెలవు నేనే వెనక్కి ఇచ్చానని నీకు చెబుతున్నాను.

సాయిలు